సప్పుడు ల్యా

ముబారక్ మామ స్క్రూడ్రైవరు కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు ఒత్తిపెట్టుకొని కళ్ళు మూసుకున్నాడంటే, ఇంక ఆ షెడ్డులో ఎవరూ మాట్లాడేది లేదు. టీ గ్లాసు పట్టుకున్నోడు గుటక కూడా మెల్లగా మింగుతాడు. ప్రొద్దుటూరులో అది ఎప్పటినుంచో నడుస్తాండే మర్యాద. ఎవరూ నేర్పింది కాదు, చూసి చూసి అలవాటైంది.

ఇంజను రోగాలకు ఆయన తన పేర్లు తాను పెట్టుకున్నాడు. లోపల బేరింగు అరిగిపోయి దబ్బు దబ్బున కొట్టుకుంటే అది రోకలి. పైన టకటకమంటే కుట్టుమిషను. మిట్ట ఎక్కేటప్పుడో బరువు లాగేటప్పుడో సన్నంగా గలగలమంటే గజ్జెలు. కంపెనీవాళ్ళు వాటికి ఏం పేర్లు పెట్టుకున్నారో ఏమో గానీ, జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా డ్రైవర్లందరికీ ముబారక్ మామ పేర్లే పేర్లు. "మామా, బండి రోకలి దంచుతాంది" అని దిగీదిగకముందే మొదలుపెడతారు. రోకలైతే ఇంజను విప్పల్ల. గజ్జెలైతే ఆయన నవ్వి, ఒక నట్టు వదులు చేసి, చేత్తో రవ్వంత తిప్పి పంపించేస్తాడు. అయితే గజ్జెలే గదా అని ఊరకుంటే మాత్రం అవి లోలోపలే పిస్టన్ను తినేస్తాయి. చూసేదానికి చిన్న రోగం, చేసేది పెద్ద పని.

ఆ పొద్దు ఆయన ముందర నిలబడిన కారు పాతది. వేంపల్లె అవతల చీనీ తోటలుండే హేమలతమ్మది. వాళ్ళ నాయన కొన్న పెట్రోలు కారు. ఆయన పోయినాక కూడా ఆ యమ్మ దాన్ని అమ్మలేదు, పులివెందులకు పోయినా కడపకు పోయినా అందులోనే పోతాది. పోయిన నెలలోనే ముబారక్ మామ దాని ఇంజనుకు అంతా చేసిచ్చినాడు. ఇప్పుడు మళ్ళీ వచ్చింది.

స్క్రూడ్రైవరు చెవి నుంచి తీసి, పంచెకొంగుతో తుడుచుకొని, "ఏమీ ల్యా గదప్పా. గడియారం మాదిరి ఆడతాంది" అన్నాడు ముబారక్ మామ.

డ్రైవరు చిన్నసుబ్బయ్య బానెట్టు పట్టుకొని నిలబడుకోనుండాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మాట తక్కువ. "నిలబడినప్పుడు రాదు మామా. మిట్ట ఎక్కేటప్పుడు వస్తాంది. గజ్జెలు."

హేమలతమ్మ కుర్చీలో కూర్చోని ఫోను చూసుకుంటాంది. తలెత్తకుండానే, "పోయిన నెలలో మామ చేసిచ్చిన బండికి మళ్ళీ ఏందప్పా రోగం?" అనింది. "ఈయప్పకు ఎప్పుడు చూడు ఏదో ఒక సప్పుడు వినపడ్తాంటాది మామా. సప్పుడు వినపడితే ప్రొద్దుటూరు రావల్ల. ప్రొద్దుటూరు వస్తే పక్కనే చాపాడు. చాపాట్లో వాళ్ళమ్మ."

టీ తాగుతాండే డ్రైవర్లు నవ్వినారు. ఫరూఖ్ అని, జమ్మలమడుగుకు జీపు తోలేవాడు, నోరు ఊరకుండదు వానికి. "ఏం సుబ్బయ్యా, గజ్జెలు యాడన్నా నీ కాళ్ళకు కట్టుకున్నావేమో వంగి చూసుకో" అన్నాడు.

చిన్నసుబ్బయ్య వాని దిక్కు చూడలేదు. "మా ఊరికి పోవల్లంటే సెలవడుగుతానమ్మా. ఇంజను మీద పెట్టి అడిగేదేముంది" అన్నాడు. తర్వాత ముబారక్ మామతో, "ఒక్కసారి గండికోట మిట్ట ఎక్కిద్దాం రా మామా. నీ చెవులతో నువ్వే విను" అన్నాడు.

ఆ మాటకు ముబారక్ మామకు సంతోషమే అయింది. పెద్ద పని చేసిన ప్రతి బండినీ ఆయన గండికోట మిట్ట ఎక్కించే పరీక్ష చేసేది. తువ్వాలు భుజాన వేసుకొని ముందు సీట్లో కూర్చున్నాడు. హేమలతమ్మ వెనక కూర్చునింది. జమ్మలమడుగు దాటి, నాపబండలు నిలువుగా పాతిన చేను కంచెలు దాటి, దోవ కొండ వైపు తిరిగింది. ముబారక్ మామ అద్దం కిందికి దించి, మోచెయ్యి బయట పెట్టి, తల రవ్వంత వంచుకున్నాడు.

మిట్ట మొదలైంది. చిన్నసుబ్బయ్య కావాలనే గేరు తగ్గించకుండా తొక్కినాడు. బండి ముక్కుతా ఎక్కుతాంది.

"ఇదో మామా. ఇదో, వస్తాంది చూడు."

ముబారక్ మామ తల ఇంకొంచెం వంచినాడు. టైర్ల సప్పుడు, గాలి, సైలెన్సరు మోత, అన్నీ దేనికది విడిగా వినపడ్తాండాయి ఆయనకు. వాటి మీద ఏమన్నా ఉండాదా అని వెతికినాడు.

"ఇదో. మళ్ళీ."

మళ్ళీ తల వంచినాడు.

ఇంకొంచెం పైకి పోయినాక చిన్నసుబ్బయ్య యాక్సిలేటరు మీదనుంచి కాలు తీసేసినాడు. ఇంజను చల్లబడినట్టు నిమ్మళించింది, బండి దాని ఊపుకు అది పోతాంది. అప్పుడు కూడా "ఇదో మామా, ఇప్పుడు విను" అన్నాడు. ముబారక్ మామ అదే మాదిరి తల వంచి, కళ్ళు మూసుకొని విన్నాడు. చిన్నసుబ్బయ్య ఆయన దిక్కు ఒకసారి చూసినాడు. తర్వాత మిట్ట అయిపోయేదాక నోరు తెరవలేదు.

"ఏం మామా?" అని అడిగింది హేమలతమ్మ వెనక నుంచి. "నాకేమో గలగలమన్నట్టే ఉండాది. గాలి సప్పుడో ఏమో మరి."

"సప్పుడు ల్యామ్మా" అన్నాడు ముబారక్ మామ.

ఇన్నేండ్లుగా ఆ మాట ఎట్ల అంటాడో అట్లే అన్నాడు. డాక్టరు నాడి వదిలిపెట్టి ఏమీ లేదు పొమ్మన్నట్టు.

షెడ్డుకు తిరిగొచ్చినాక హేమలతమ్మ దిగి చెయ్యి చాపింది. "తాళాలియ్యి సుబ్బయ్యా."

చిన్నసుబ్బయ్యకు అర్థం కాలేదు. ఆ యమ్మ మళ్ళీ అనింది. "నేను తోలుకొని పోతాలే. నాకు తోలను రాదా ఏంది? చాపాడు ఈడికి దగ్గరే గదా, నువ్వు ఇట్నే పో. ఇంక మా ఇంటికి రాబల్లేదు. లేని సప్పుడు చెప్పి నన్ను తిప్పేవాడు రేపు ఇంకేం చెప్తాడో."

టీ గ్లాసులు పట్టుకున్నోళ్ళు ఎక్కడోళ్ళు అక్కడ ఆగిపోయినారు. చిన్నసుబ్బయ్య కారులోకి వంగి తన తువ్వాలు తీసుకున్నాడు. సీటు సందులో పెట్టుకున్న నీళ్ళ సీసా తీసుకున్నాడు. ఆ తువ్వాలుతోనే స్టీరింగు చుట్టూ ఒకసారి తుడిచినాడు, రోజూ బండి నిలిపేటప్పుడు తుడిచినట్టే. తాళాలు ఆ యమ్మ చేతిలో పెట్టినాడు.

"మామ చెప్పినాక కూడా ఇంకేమన్నా చెప్తావా?" అనింది హేమలతమ్మ.

చిన్నసుబ్బయ్య ముబారక్ మామ ముఖంలోకి చూసినాడు. శానాసేపు చూసినాడు.

"ఏం చెప్తామమ్మా" అన్నాడు. "మామ ల్యా అన్నాక ల్యా."

తువ్వాలు భుజాన వేసుకొని చాపాడు ఆటోలు నిలబడే దిక్కు నడిచి పోయినాడు.

మరుసటి రోజు పొద్దున ముబారక్ మామ వసారాలో కూర్చోని టీ తాగుతాంటే రహమత్‌బీ ఎదురుగా గోధుమపిండి కలుపుతాంది. ఆ ఇంట్లో మాటలు తక్కువ. పిల్లలు ఎవరి సంసారాలు వాళ్ళవి. భార్య చేతులు పిండిలో ముందుకు వెనక్కు పోతాంటే చూస్తా చూస్తా ఆయనకు ఏదో వెలితిగా అనిపించింది. ఏందో తెలీలేదు. తర్వాత తెలిసింది.

"ఏమ్మే, గాజులెప్పుడు తీసేస్తివి?"

రహమత్‌బీ చేతులు ఆగిపోయినాయి. మొగుడు బతికుండంగా గాజులు తీసేసినావా అని అడిగితే ఏ ఆడదైనా బెదరుకుంటాది. "ఏం మాటలవి పొద్దుపొద్దున్నే? గాజులు తీసేసేది ఏంది?" పిండి చేతులు పైకెత్తి చూపించింది. కొంగు జరిగి, దాని చాటున ఉండే పచ్చ గాజులు రెండు చేతులకీ కనపడినాయి.

ముబారక్ మామ గ్లాసు కింద పెట్టినాడు. "ఆడించు."

"ఏంది?"

"చేతులు ఆడించు రవ్వంత."

ఆమె ఆడించింది. గాజులు ఒకదాని మీద ఒకటి పడి లేస్తాండేది కనపడ్తాంది. అద్దంలో చూస్తాండట్టు. "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి ఆడించింది. "గట్టిగా." గట్టిగా ఆడించింది. ఒక గాజు పగిలి పిండిలో పడింది. ఆమె దాన్ని ఏరకుండా మొగుని ముఖం చూస్తా నిలబడింది.

"నేను కదిల్తే ఇల్లంతా గలగలమంటాదని నువ్వే గదా నన్ను కసురుకుంటాంటివి" అనింది మెల్లగా. ఆ మాట ఒక్క అక్షరం పోకుండా వినపడింది ఆయనకు. "శానా దినాల నుంచి కసురుకోల్యా నువ్వు. వయసైంది, నెమ్మదించినాడులే అనుకుంటి."

ముబారక్ మామ లేచి అంగి వేసుకున్నాడు. షెడ్డుకు పోయినాడు గానీ షట్టరు ఎత్తలేదు. మెట్టు మీద కూర్చున్నాడు.

హేమలతమ్మ కారుకు పోయిన నెలలో ఎట్ల చేసినాడో ఒక్కొక్కటే కళ్ళముందరికి వచ్చింది. లోపల నిప్పురవ్వ ఎప్పుడు పడల్లనేది ఆయన డిస్ట్రిబ్యూటరును చేత్తో తిప్పి పెడతాడు. రవ్వంత ముందుకు తిప్పితే బండికి లాగుడు ఎక్కువైతాది. ఇంకొంచెం తిప్పితే ఇంకా ఎక్కువ. ఎంతవరకూ అంటే, మిట్ట ఎక్కేటప్పుడు గజ్జెలు వినపడేంత వరకూ. అవి వినపడినచోట ఆపి, వెంట్రుకంత వెనక్కు తిప్పి బిగించల్ల. ఆయన పని అంతా ఆ గజ్జెల మీదనే నడిచేది. ఈ కారుకు తిప్పినాడు, మిట్ట ఎక్కించినాడు, వినపడలేదు. ఇంకొంచెం తిప్పినాడు, వినపడలేదు. ఎంత మంచి ఇంజనురా, ఈ వయసులో కూడా ఎంత లాగుతాంది అని మురిసిపోయి ఆడనే బిగించి, తెల్ల పెయింటు గీత పెట్టినాడు.

గజ్జెలు ఆ పొద్దే మోగినాయి. ఆయన అడిగి మోగించుకున్నట్టు మోగినాయి. వినేదానికి ఆయనే లేడు ఆడ.

హేమలతమ్మకు ఫోను చేసినాడు. ఎత్తలేదు. సాయంత్రం దాకా చేస్తానే ఉండాడు. ఆ యమ్మ తోటలో కోతలో ఉండి చూసుకోలేదంట, అది తర్వాత తెలిసింది. షెడ్డు ముందరికి బండ్లు వచ్చినాయి. "ఈపొద్దు ఒళ్ళు బాగలేదప్పా" అని పంపించినాడు.

తెల్లారి ఆ యమ్మే ఫోను చేసింది. వేంపల్లె దగ్గర కారు ఆగిపోయిందని, పొగొస్తాందని, దబ్బు దబ్బున కొట్టుకుంటాందని, బండిని మున్వర్ షెడ్డుకు తాడేసి లాగినారని. మున్వర్ ముబారక్ మామ దగ్గరే పని నేర్చుకొని పోయినోడు.

ముబారక్ మామ బస్సెక్కి పోయేసరికి మున్వర్ ప్లగ్గులు విప్పి పాత పేపరు మీద వరసగా పెట్టినాడు. ముబారక్ మామ వంగి ఒకటి తీసుకొని వెలుతురుకు తిప్పినాడు. పింగాణీ సున్నం మాదిరి తెల్లగా కాలిపోయింది. కొనకు సన్న సన్న పూసలు అంటుకోనుండాయి, పిస్టను కరిగి చిందిన పూసలు.

"పిస్టన్‌కు బొక్క పడింది ఉస్తాద్" అన్నాడు మున్వర్. "పెట్రోల్లో కిరసనాయిలు కలిస్తే గదా ఇట్లయ్యేది? డ్రైవరు పెట్రోలు పీక్కొని..."

"చెప్పలా నేను?" అనింది హేమలతమ్మ. ఎండకు ముఖం ఎర్రబడింది. నాయన కారును పొగతో చూసిన బాధ కూడా ఉండాది దాంట్లో. "తీసేస్తే ఊరకే పోతాడా? ట్యాంకులో కలిపి పోయినాడు. లేకుంటే ముందునుంచే పీకి అమ్ముకొని, దొరక్కుండా సప్పుడు సప్పుడని నాటకమాడినాడు. స్టేషనుకు పోయి రాసిస్తా నేను. ఇంక ఎవ్వరూ వాన్ని స్టీరింగు ముట్టుకోనియ్యకుండా చేస్తా."

ముబారక్ మామ ట్యాంకు మూత తీయించి, ఒక పైపుతో కొంచెం పెట్రోలు గ్లాసులోకి తీయించినాడు. వాసన చూసినాడు. వేలు ముంచి గాలికి పెట్టినాడు. ఇట్టే ఆరిపోయింది, జిడ్డు లేదు. "పెట్రోలు మంచిదే" అన్నాడు.

"అయితే మరి?"

"మున్వర్, డిస్ట్రిబ్యూటరు యాడికుండాదో చూడు నాయనా."

మున్వర్ తల లోపలికి పెట్టి చూసినాడు. శానాసేపు తల బయటికి తీయలేదు. ఉస్తాద్ పెట్టిన తెల్ల పెయింటు గీత వానికి తెలీనిది కాదు. గీత గీత మీదనే ఉండాది, కదలలేదు. కానీ ఆ గీత ఉండాల్సిన చోటు అది కాదు. తల తీసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటా, ముబారక్ మామ కళ్ళలోకి చూడకుండా, "ఎవరో ముందుకు తిప్పేసినారు ఉస్తాద్" అన్నాడు. "డ్రైవరే తిప్పింటాడు. పికప్పు కోసం వాళ్ళు తిప్పుకుంటారు గదా."

తప్పించుకునే దోవ ఎంత వెడల్పుగా ఉండాదో ముబారక్ మామకు కనపడింది. ఊరకుంటే చాలు. ఏమీ అనబల్లేదు, తల ఊపబల్లేదు కూడా. హేమలతమ్మ ఇప్పటికే ఫోను తీసుకుంటాంది.

"నేనే తిప్పినా" అన్నాడు.

ఇద్దరూ ఆయన దిక్కు చూసినారు.

"ఆ గీత నాది. పోయిన నెలలో నేనే ఆడికి తిప్పి బిగించినా. గజ్జెలు వినపడేదాక తిప్పాల్సింది, నాకు వినపడలేదు. మొన్న మిట్ట మీద సప్పుడు ల్యా అంటిని గదమ్మా. అది నేను అనాల్సిన మాట కాదు. నాకు వినపడల్యా అనాల్సింది." పెట్రోలు గ్లాసు కింద పెట్టినాడు. "సన్న సప్పుళ్ళు పోయినాయమ్మా నాకు. ఎప్పుడు పోయినాయో తెలీదు. చిన్నసుబ్బయ్య చెప్పిందే నిజం. వాడు చెప్పినప్పుడే వెనక్కి తిప్పింటే ఇంజను బతికేది."

హేమలతమ్మ షెడ్డు ముందర ఉండే బండ మీద కూర్చునింది. కళ్ళద్దాలు తీసి పైటతో తుడుస్తా ఉండిపోయింది.

"నాకు వినపడింది మామా" అనింది చివరికి. "ఆ పొద్దు నా చెవులతో నేను విన్నా. నువ్వు ల్యా అంటివని ల్యా అనుకుంటి."

"నా పేరు అంత పెద్దదైపోయింది గదమ్మా."

ఆమె అద్దాలు పెట్టుకొని లేచింది. గొంతు మామూలుగా అయిపోయింది. "పోనీలే మామా. పెద్దోనివి, నాయన కాలం నుంచి చేస్తాండావు. ఇంజను సంగతి నేను చూసుకుంటా. ఈ మాట మాత్రం ఈడనే వదిలెయ్యి, బయట అనొద్దు. నీ చెవులు వినపడవని తెలిస్తే షెడ్డుకు ఎవరొస్తారు?"

"సుబ్బయ్య సంగతో?"

"ఫోను చేస్తాలే. వచ్చి చేరమంటా."

అంతే. తన తప్పు చెప్పుకుంటే ఇంత తేలిగ్గా పోతాదని ముబారక్ మామ అనుకోలేదు. ఆయనను ఒక్క మాట అనలేదు ఆ యమ్మ. చిన్నసుబ్బయ్యను మాత్రం, చేయని తప్పుకు, అంతమందిలో చెయ్యి చాపి తాళాలడిగింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఆయనను అదే తొలిచింది.

చాపాడులో దిగి అడిగితే గొర్ల దొడ్డి చూపించినారు. చిన్నసుబ్బయ్య ఒక గొర్రెను కాళ్ళ సందున బిగించి పట్టుకొని, దాని దవడ పక్కనుంచి సీసాతో మందు తాపుతాండాడు. వాళ్ళమ్మ పెద్దసుబ్బమ్మ తాపిన గొర్రెలను అవతలికి తోలి, తాపనివాటిని ఇవతలికి తోలుతాంది. ముబారక్ మామను చూసి చిన్నసుబ్బయ్య తల ఊపినాడు, "రా మామా" అన్నాడు. చేతిలో పని ఆపలేదు.

పెద్దసుబ్బమ్మ ఆపింది. "ఎవరప్పా, ముబారక్ సాయిబువా నువ్వు?"

"నేనేనమ్మా."

"వస్తివా? మళ్ళీ ఏం విని వస్తివి? మా గొర్రెలు కూడా దగ్గుతాండాయి, ఒకసారి ఆ స్క్రూడ్రైవరు పెట్టి చూసి పో. ల్యా అంటే మందు ఖర్చు తప్పుతాది మాకు."

"ఊరకుండు మా" అన్నాడు చిన్నసుబ్బయ్య.

"నువ్వుండు! కారు తోలుకొని వచ్చేవాడు తువ్వాలు భుజాన వేసుకొని నడిచొస్తే ఊర్లో ఏమంటారు? ఏం దొంగతనం చేసినాడో అంటారు. వీధి కొళాయి దగ్గర నా ముఖం మీదే అన్నారు."

ముబారక్ మామ దొడ్డి రాతి మీద చెయ్యి పెట్టుకొని నిలబడినాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. వేంపల్లెలో చెప్పిందే మళ్ళీ చెప్పినాడు. గాజుల సంగతి, గీత సంగతి, పిస్టను సంగతి. పెద్దసుబ్బమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నది. చిన్నసుబ్బయ్య గొర్రెను వదిలిపెట్టి, సీసా కడిగి, బోర్లించినాడు.

"నాకు తెలుసు మామా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీకు వినపడలేదని. మిట్ట మీదనే తెలిసింది. నేను ఇదో అన్నప్పుడే నువ్వు తల వంచుతాంటివి. అనకుంటే వంచల్యా. మధ్యలో ఒకసారి కాలు తీసేసి, సప్పుడేమీ లేనప్పుడు ఉత్తగానే ఇదో అంటి. అప్పుడూ వంచితివి."

ఆ పొద్దు షెడ్డులో వాడు తన ముఖంలోకి ఎందుకు అంతసేపు చూసినాడో ముబారక్ మామకు ఇప్పుడు తెలిసింది. "మరి ఆ మాట ఆ యమ్మ ముందర అనొచ్చు గదరా అబ్బయా! నీ పని పోతాంటే..."

"ఎట్ల అనేది మామా? ఫరూఖ్ ఉండాడు, అందరూ ఉండారు. ముబారక్ మామకు చెవులు పోయినాయని నేను ఆడ అంటే సాయంత్రానికి ప్రొద్దుటూరంతా తెలుస్తాది. నాకు ఈ కారు పోతే ఇంకో కారు దొరుకుతాది అనుకుంటి. నీకు చెవి పోతే ఇంకేం ఉండాది?" చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "ఇంజను పోతాదని కూడా తెలుసు నాకు. ఆ యమ్మ దాన్ని ఎంత చూసుకుంటాదో తెలుసు. అయినా అనల్యా. అది మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలీడంల్యా."

"కాదు" అనింది పెద్దసుబ్బమ్మ. కొడుకును చూస్తా అనింది. "ఆ యప్ప పరువు నిలబెట్టి నీ పరువు దొడ్లో కట్టేస్తివి. నాతో అన్నా చెప్పింటివా? కొళాయి కాడ వాళ్ళ నోర్లు మూయిస్తాంటి గదా." కొంగుతో ముఖం తుడుచుకొని ముబారక్ మామ దిక్కు తిరిగింది. "ఏమప్పా. ఈ గొర్రెల ముందర చెప్తే ఎవరికి తెలుస్తాది? యాడ అన్నారో ఆడ చెప్పల్ల."

"చెప్తానమ్మా" అన్నాడు ముబారక్ మామ. "రేపు పొద్దున రాండి."

"వద్దు మామా" అన్నాడు చిన్నసుబ్బయ్య.

"నువ్వు నోరు మూసుకో" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

తెల్లారి షెడ్డు దగ్గర మామూలు మాదిరే జనం. ఫరూఖ్ జీపు బానెట్టు ఎత్తి పెట్టుకొని కాచుకోనుండాడు. పెద్దసుబ్బమ్మ, చిన్నసుబ్బయ్య ఆటో దిగి వచ్చినారు. ఆమె కుర్చీలో కూర్చోలేదు, షట్టరు పక్కన గోడకు ఆనుకొని నిలబడింది. మంచి చీర కట్టుకోనుండాది.

ముబారక్ మామ స్క్రూడ్రైవరు చేతికి తీసుకోలేదు. జీపు పక్కన నిలబడి, "అప్పా, ఒక మాట" అన్నాడు. మొన్న ఈడ నిలబడి చిన్నసుబ్బయ్యను చూసి నవ్వినోళ్ళు ఎవరెవరున్నారో వాళ్ళందరూ ఉండారా అని చూసుకున్నాడు. "మొన్న సుబ్బయ్య చెప్పిన గజ్జెలు నిజం. నేనే ఎక్కువ తిప్పేసినా. ఆ కారు ఇంజను పోయింది. నేను సప్పుడు ల్యా అంటి. సప్పుడు ఉండాది, నాకు వినపడల్యా. సన్న సప్పుళ్ళు ఇంక వినపడవు నాకు. రోకలి వినపడ్తాది, గజ్జెలు వినపడవు. బండి తెచ్చేవాళ్ళు తెలిసి తేండి. సుబ్బయ్య ఒక్క అబద్ధం చెప్పలేదు."

ఆయన కళ్ళు మూసుకున్నప్పుడు ఎట్ల ఊరకుంటారో అట్లే ఊరకున్నారు. ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి, వేళ్ళు నలుపుకుంటా నిలబడినాడు. ఫరూఖ్ తల గోక్కున్నాడు. చిన్నసుబ్బయ్య దగ్గరికి పోయి, "నేను ఏందో నోటికొచ్చింది అంటిని లేప్పా" అన్నాడు. చిన్నసుబ్బయ్య "సర్లే" అన్నాడు. తర్వాత ఫరూఖ్ జీపు దగ్గరికి వచ్చి, కొంచెంసేపు బానెట్టు పట్టుకొని నిలబడి, మెల్లగా దించినాడు. చప్పుడు కాకుండా దించల్లని చూసినాడు గానీ పాత బానెట్టు, ధబ్బుమనింది. అది ముబారక్ మామకు బాగానే వినపడింది.

"జమ్మలమడుగు సవారీ ఉండాది మామా. మళ్ళా వస్తా" అని జీపు తీసుకొని పోయినాడు.

ఒకరొకరే పోయినారు. చిన్నసుబ్బయ్య జేబులోంచి ఫోను తీసి చూసినాడు. "హేమలతమ్మ" అన్నాడు.

"ఎత్తు" అన్నాడు ముబారక్ మామ. "పిలుస్తాంది. పో."

చిన్నసుబ్బయ్య ఫోను వెలుగుతాంటే చూస్తా నిలబడి, అది ఆరిపోయినాక జేబులో పెట్టుకున్నాడు. "ఈపొద్దు మిగిలిన గొర్లకు మందు తాపల్ల మామా. రేపు చేస్తాలే ఆ యమ్మకు" అన్నాడు. అతని ముఖంలో గెలిచినట్టు ఏమీ లేదు. ఆటో దిక్కు నడిచినాడు.

పెద్దసుబ్బమ్మ కొడుకు వెంట పోతా పోతా ఆగింది. ఖాళీ అయిన షెడ్డును, మెట్టు మీద కూర్చున్న మనిషిని చూసింది. ఏమనుకునిందో ఏమో, తిరిగి వచ్చి, ఆయన చెవి దగ్గరికి వంగి, కొండ మీది గొర్రెలను పిలిచేటంత గొంతుతో అరిచింది.

"బువ్వ తింటివా అన్నా?"

ఎదురు అంగట్లో వాళ్ళు కూడా తలెత్తి చూసినారు. ఆ మాట ఆమె గోడ దగ్గర నిలబడి మెల్లగా అనింటే కూడా ఆయనకు వినపడేదే. మనుషుల మాట ఆయనకు ఒక్క అక్షరం పోదు. ఆ సంగతి చెప్పేదానికి నోరు తెరిచినాడు. ఆమె వంగినదే వంగి, జవాబు కోసం ఆయన పెదాల దిక్కు చూస్తాంది.

"తినలేదమ్మా" అన్నాడు ముబారక్ మామ. ఆయన కూడా గట్టిగానే అన్నాడు.